సంచార ప్రదర్శనల్లో ఊరి దారి: కౌకూర్ - శామీర్‌పేట గ్రామసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగు జానపద ప్రదర్శన కళల మీద వచ్చిన పరిశోధనలో ఒక వివరణ పద్ధతి స్థిరపడింది. కళారూపం పేరు, దాన్ని ప్రదర్శించే కులం, వాడే వాద్యం, కట్టే వేషం, పాడే పాట లేదా చెప్పే కథ అనే వరుసలో ఆ వివరణ సాగుతుంది. ప్రదర్శకుడు ఎక్కడి నుంచి ఎక్కడికి నడిచాడు, ఏ ఇంటి ముందు ఆగాడు, ఏ వాడను తాకకుండా దాటిపోయాడు అనే సంగతులకు ఆ వరుసలో చోటు లేదు. ఒకవేళ చెప్పినా 'ఊరూరా తిరుగుతూ జీవనం సాగిస్తారు' అన్న ఒక్క వాక్యంతో ఆ విషయం ముగుస్తుంది. బాలసంతు, బుడబుక్కల, డక్కలి, పిచ్చుకకుంట్ల, గంగిరెద్దులవారు మొదలైన వారి కళకు తిరగడం జీవనోపాధి అవసరం మాత్రమేనా, లేక ప్రదర్శన నిర్మాణంలోనే అది ఒక భాగమా అన్న ప్రశ్నకు ఇంతవరకు తగినంత విమర్శ రాలేదు.

ఈ ప్రశ్న అడగడానికి కౌకూర్ తగిన చోటు. హైదరాబాదు ఉత్తరపు అంచున, ఒకవైపు బొల్లారం సైనిక స్థావరానికీ మరొకవైపు మేడ్చల్, శామీర్‌పేట గ్రామసీమకూ నడుమ ఉన్న ఊరిది. ఊరు నగరంలో కలుస్తున్న ఇటువంటి చోట్ల గ్రామ వారసత్వం అన్న మాట ఎక్కువగా వినిపిస్తుంది. వారసత్వ ఉత్సవం అనగానే డప్పు, ఒగ్గుడోలు, పోతురాజు, బోనం ఒకే వరుసలో నడిచే ఊరేగింపు మనసులో మెదులుతుంది. అయితే ఆ వరుసలోని నడక, ఆయా కళలకు పూర్వం ఉన్న నడక ఒకటేనా? ఇది క్షేత్రపర్యటన నివేదిక కాదు. ఉన్న రచనలను, ఉన్న ఆచారాలను ఏ దృష్టితో చదువుతున్నామన్న దానిపై విమర్శ మాత్రమే.

రెండు గ్రంథాల మధ్య జారిపోయినది

ఈ గ్రామసీమకు సామాజిక శాస్త్రంలో ఒక విశేషస్థానం ఉంది. 1951-52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం శామీర్‌పేటలో చేసిన అధ్యయనం ఆధారంగా ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో వెలువడింది. భారతీయ గ్రామాన్ని సమగ్రంగా వర్ణించిన తొలి గ్రంథాల్లో ఒకటిగా దానికి పేరుంది. గ్రామ స్వరూపం, సామాజిక నిర్మాణం, ఆర్థిక నిర్మాణం, క్రతు నిర్మాణం అన్న క్రమంలో దాని అధ్యాయాలు సాగుతాయి. ఈ క్రమంలో స్పష్టత ఉంది, అందులోనే ఒక నష్టమూ ఉంది. గ్రామదేవతకు బోనం సాగే పూట కుమ్మరి కుండ ఆర్థిక సంబంధం, డప్పు ముందుండడం కుల సంబంధం, సాక పోయడం క్రతువు. ఊరేగింపులో ఈ మూడూ ఒకే వీథిలో ఒకే ఘడియలో జరుగుతాయి. గ్రంథంలో వాటిని మూడు అధ్యాయాల నుంచి ఏరి కలుపుకోవాలి. గ్రామానికి వ్యాకరణం దొరికింది కాని, ఊరు తనను తాను పలికే వాక్యం దొరకలేదు.

ఇటు జానపద విజ్ఞానంలో పరిస్థితి వేరు. బిరుదురాజు రామరాజు ఉస్మానియాకు సమర్పించిన సిద్ధాంత వ్యాసం 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము'గా అచ్చయింది. పాటను సాహిత్యంగా గుర్తింపజేయడం ఆనాటి అవసరం. ఆ పని జరగకపోతే ఇవాళ ఈ చర్చకే ఆస్కారం లేదు. కానీ పాటను సాహిత్యంగా నిలపడానికి దాన్ని పుటమీద నిలపవలసి వచ్చింది. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 'తెలుగువారి జానపద కళారూపాలు' (1992) మరో వైపు నుంచి వచ్చి, కళారూపాలను ఒక్కొక్కటిగా పేరు పెట్టి పరిచయం చేసింది. మొదటిది పాఠాన్ని కాపాడింది, రెండవది రూపాన్ని కాపాడింది. రెంటిలోనూ దారి లేదు.

దారి లేకపోతే పాఠం కూడా పూర్తిగా అర్థం కాదు. తెల్లవారుజామున శంఖం, గంటతో వాకిట నిలిచే బాలసంతు పాటను ఉదాహరణగా తీసుకోవచ్చు. పుటమీద చదివితే ఆ దీవెనలు చిన్న చిన్న తునకలుగా, మళ్లీ మళ్లీ వచ్చే పలుకులుగా కనిపిస్తాయి. ఛందస్సు తెలిసిన పాఠకుడు వాటిని పాదపూరణలు అనుకోవచ్చు. అవి ఒక గడప నుంచి మరో గడపకు నడిచే దూరానికి సరిపోయేట్టు కుదిరిన తునకలు. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు కనుక ఎక్కడైనా ఆపగలిగేట్టు, ఎక్కడి నుంచైనా అందుకోగలిగేట్టు ఉండాలి. ఆ ఇంటి పెద్ద పేరు, బిడ్డల పేర్లు చేర్చడానికి నడుమ ఖాళీ ఉండాలి. అచ్చులో ఆ ఖాళీ ఏదో ఒక పేరుతో పూడిపోతుంది, లేదా మాయమవుతుంది. సంపాదకుడు దాన్ని దోషంగా భావించి సవరిస్తే నడకనే సవరించినట్టు.

ఊరికి వచ్చే నడక

సంచార ప్రదర్శకులందరూ ఎటు పడితే అటు తిరిగేవారని అనుకోవడం పొరపాటు. తెలంగాణలో ఆశ్రిత కులాల వ్యవస్థ ఈ పొరపాటును సరిదిద్దుతుంది. మాదిగలకు డక్కలి, చిందు, ముదిరాజులకు కాకిపడగల, పద్మశాలీలకు కూనపులి, సాధనాశూరులు, విశ్వకర్మలకు రుంజ, పనస, రజకులకు పటంకథ చెప్పేవారు. ఇలా దాతృకులానికీ ఆశ్రితకులానికీ ఒక కట్టుబాటు ఉంది. ఏ కుటుంబం ఏ ఊళ్లకు పోవాలన్నది ఆ కుటుంబాల మధ్య వంతులుగా పంచుకున్న హక్కు. ఆ ఊళ్లు అన్నదమ్ముల నడుమ భాగాలుగా విడిపోతాయి. మిరాశి అన్న మాట ఇక్కడ అలంకారంగా వాడినది కాదు, ఆస్తి అన్న అర్థంలోనే వాడినది. పులికొండ సుబ్బాచారి వంటి పరిశోధకులు ఆశ్రిత కులాల సాహిత్యంపై చేసిన కృషి ఈ వ్యవస్థను పరిశోధనలోకి తెచ్చింది. దాని సాహిత్య ఫలితాన్ని విమర్శ ఇంకా పూర్తిగా అందుకోలేదు.

ఆ ఫలితం ఏమిటంటే, ఇక్కడ ప్రదర్శకుడి రాకే మొదటి వాక్యం. చుట్టిన పటం భుజాన వేసుకుని ఊరి పొలిమేర దాటిన మనిషి ఇంకా ఒక్క మాట పలకకముందే, ఈ కులానికి పుట్టుక కథ ఉంది, దాన్ని చెప్పే హక్కు నాది, వినే బాధ్యత మీది అని ప్రకటించినట్టే. చేర్యాల నకాషీల చేతిలో రూపొందిన ఆ పటంలో మార్కండేయుడో, జాంబవుడో, మడేలయ్యో ఉంటారు. పటం విప్పితే పురాణం కనిపిస్తుంది. పటం ఏ ఊళ్లో, ఎవరి వాడలో, ఎన్నేళ్లకొకసారి విప్పారన్నది అందులో కనిపించదు. మ్యూజియం గోడమీద వేలాడే పటానికీ దాతృకులపు వాడలో విప్పిన పటానికీ భేదం అక్కడే ఉంది. గోడమీది పటాన్ని చూసేవాడు ఎవరికీ ఏమీ బాకీ ఉండడు.

డక్కలి వారి విషయంలో ఇది మరింత స్పష్టం. మాదిగవాడలో తప్ప మరోచోట యాచించకూడదన్న కట్టు వారిది. నడవడానికి ఎంత హక్కు ఉందో నడవకూడని చోటు కూడా అంత నిర్దిష్టంగా ఉంది. 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు పన్నెండు మెట్ల కిన్నెర దేశమంతటా పేరుకెక్కింది. అది సంతోషించదగినదే. అయినా ఆ గౌరవపు భాషలో వాద్యం అరుదైనది, వాయించేవాడు చివరివాడు అన్న ధోరణే ప్రధానమైంది. ఆ వాద్యం ఏ వాడలకు నడిచింది, ఎవరు బియ్యం పెట్టి విన్నారు, ఎవరు వినడం మానుకున్నారు అన్నవి వార్తల్లోకి పెద్దగా రాలేదు. వాద్యం అంతరించడం అన్నప్పుడు అంతరించినది కట్టె, తీగె, సొరకాయ బుర్రలేనా, లేక వాటిని మోసుకుపోయే దారి కూడానా?

ఇక్కడ ఒక పాశ్చాత్య భావనను తడిమి చూడవచ్చు. ఫ్రెంచి చింతకుడు మిషెల్ ద సెర్తో 1980లో వెలువరించిన గ్రంథంలో నగరంలో నడవడాన్ని మాట్లాడడంతో పోల్చాడు. ఎత్తు నుంచి చూసే ప్రణాళికాకర్తకు కనిపించే నగరం వేరు, కాలినడకన పోయేవాడు తన అడుగులతో అల్లుకునే నగరం వేరు అన్నది అతని వాదం. నడక ఒక ఉచ్చారణ అన్నంతవరకు ఇది తెలుగు సంచార ప్రదర్శనలకు అక్కరకు వస్తుంది. ఆపై కుదరదు. సెర్తో చెప్పిన బాటసారి అడ్డదారి తొక్కగలడు, అదే అతని స్వేచ్ఛ. డక్కలి కళాకారుడికీ బైండ్ల పూజారికీ అడ్డదారి లేదు. వారి అడుగు ఆచారం కేటాయించిన అడుగు. అందులో హక్కూ కట్టడీ పెనవేసుకుని ఉంటాయి. సెర్తోను ఉటంకించి గ్రామ ఊరేగింపును స్వేచ్ఛాగానంగా వర్ణించే ధోరణి మన పరిశోధనలోకి రాకముందే ఈ తేడా గుర్తించడం మంచిది.

ఊళ్లో సాగే నడక

సంచారులు ఊరికి వచ్చేవారు. బోనాలు ఊరు తనలో తాను నడిచే సందర్భం. ఆషాఢంలో గోల్కొండలో మొదలై, లష్కర్ బోనాలుగా సికింద్రాబాదుకు, ఆపై పాతబస్తీకి సాగే క్రమం అందరికీ తెలిసినదే. శివారు గ్రామాల్లో తేదీలు ఊరి పెద్దల నిర్ణయాన్ని బట్టి మారుతుంటాయి. ఈ ఆచారాన్ని స్వచ్ఛమైన పల్లె సంప్రదాయంగా, నగరం దాన్ని చెడగొట్టినట్టుగా చిత్రించడం కూడా సరికాదు. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయ స్థలకథ ప్రకారం 1813లో కలరా ప్రబలినప్పుడు ఉజ్జయినిలో సైనిక దళంతో ఉన్న సురిటి అప్పయ్య మొక్కుకుని, 1815లో తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడు. ఉజ్జయినికి నడిచిన పటాలం వెంట వచ్చిన దేవత, దండు అన్న అర్థం గల లష్కర్ పేరుతోనే ఇవాళ్టికీ కొలువు అందుకుంటున్నది. బొల్లారం దండును ఆనుకుని ఉన్న కౌకూర్ వంటి ఊరిని చదివేటప్పుడు పల్లె ఒకవైపు, పట్నం ఒకవైపు అన్న విభజన కన్నా ఈ చరిత్ర ఎక్కువ ఉపకరిస్తుంది.

బోనం ఊరేగింపు దారిని ఒక జాబితాగా చదవవచ్చు. పోచమ్మ గుడి, బొడ్రాయి, చెరువు ఉన్నచోట కట్ట మైసమ్మ, ఊరి చివర పొలిమేర. ఇవి ఊరికి ఉన్న నీరు, నాభి, హద్దు. ఏ పాటలోనూ ఈ జాబితా ఇంత క్రమంగా ఉండదు. ఉండనవసరం లేదు, ఎందుకంటే దాన్ని కాళ్లు చెబుతాయి. బొడ్రాయి ప్రతిష్ఠ నాడు పెళ్లయి పోయిన ఆడబిడ్డలను పిలిపించడం, క్రతువు ముగిసేదాకా ఊరి హద్దు దాటి ఎవరూ పోకుండా, రాకుండా కట్టడి చేయడం తెలంగాణ పల్లెల్లో బాగా తెలిసిన ఆచారం. ఊరు అంటే ఎవరెవరు అన్న లెక్క ఆ పూట తేలుతుంది. పొలి చల్లే మనిషి హద్దు వెంబడి నడిచినంతమేర ఊరు. అతను ఆగినచోట మరో ఊరు. రెవెన్యూ పటం కన్నా ముందే గ్రామానికి హద్దు గీసిన పద్ధతి ఇది.

మనుషుల వరుస కూడా అర్థవంతమైనదే. డప్పు ముందు ఉంటుంది. బైండ్ల జమిడిక, పోతురాజు, శివసత్తులు, తల మీద బోనాలతో స్త్రీలు, ఫలహారం బండి, తొట్టెలు ఉంటాయి. పోతురాజు అమ్మవార్లకు తమ్ముడు. ఒంటినిండా పసుపు, నడుముకు వేపాకు, చేత కొరడాతో అతను దారిని ఖాళీ చేయిస్తూ నడుస్తాడు. అతని ఆటలో కథ లేదు. ఒగ్గుకథలో ఉన్నట్టు పాత్రల సంభాషణా లేదు. కథనం లేదు కనుక సాహిత్య విమర్శ అతన్ని పట్టించుకోలేదు. అయితే అతను వెనక్కి తిరిగి ఆడినంతసేపు ఊరేగింపు ఆగుతుంది, ముందుకు కదిలితే కదులుతుంది. వీథి నాటకంలో సూత్రధారుడు చేసే పనిని మాటలేకుండా చేసేవాడతను.

ఇదే వీథుల్లో మరో నడక ఉంది. మొహర్రంలో పీరీలు లేస్తాయి. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం కావడం వల్ల ఏటేటా దాదాపు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అది అన్ని రుతువుల్లోనూ వస్తుంది. బోనాలు ఆషాఢాన్ని వదలవు. కొన్నేళ్లకొకసారి రెండూ దగ్గరపడతాయి. డప్పు రెండింటికీ ఒకటే, చాలా ఊళ్లలో కొట్టే చేతులూ అవే, దరువు మాత్రమే వేరు. పీరీల పాటలను ముస్లిం సంప్రదాయ అధ్యాయంలోను, బోనాల పాటలను గ్రామదేవతల అధ్యాయంలోను ఉంచిన సంకలనకర్తకు ఈ సంగతి కనిపించదు. వీథిని ప్రమాణంగా తీసుకుంటే మొదట కనిపించేది ఇదే.

వెట్టి నీడ

దారి చదవడం మొదలుపెడితే సుఖమైన సంగతులే దొరుకుతాయని లేదు. ఊరేగింపులో ముందున్న డప్పు గౌరవ స్థానంలో ఉన్నదని వారసత్వ ప్రసంగాల్లో తరచు వినిపిస్తుంది. నిజాం పాలనలోని తెలంగాణ పల్లెలో ఆ డప్పు వెట్టిలో భాగం. పిలిస్తే రావాలి, ఆపమంటే ఆపాలి. దేవత ముందు కొట్టిన చేతులే దొర రాకనూ, దండోరానూ, చావునూ చాటాయి. డప్పు కొట్టిన మనిషి గుడి లోపలికి పోలేని ఊళ్లు ఉన్నాయి. ఊరేగింపు ఏ వాడలోకి వెళ్లదో ఆ వాడ నుంచే ఊరేగింపు శబ్దం పుట్టేది. తరువాతి కాలంలో పండుగకూ చావుకూ డప్పు కొట్టబోమని దళిత యువకులు తెగేసి చెప్పడం కళకు ద్రోహం కాదు. నడవడానికి నిరాకరించడం కూడా ఈ ప్రదర్శన చరిత్రలోని ఘట్టమే. కళారూపాల చరిత్రలో దాన్ని కూడా నమోదు చేయాలి.

శివసత్తుల, జోగినుల ప్రసక్తి మరింత జాగ్రత్త కోరుతుంది. పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే స్త్రీ ఆ ఒక్క పూట ఊరికి భవిష్యత్తు చెబుతుంది, పెద్దలను నిలదీస్తుంది. ఆమె పలుకు గురించి ఆరాధనగా రాసిన వ్యాసాలకు కొదవ లేదు. అదే వ్యవస్థలో దళిత బాలికలను జోగినులుగా అంకితం చేసిన దురాచారం ఉన్నందునే 1988లో రాష్ట్రం నిషేధ చట్టం చేయవలసి వచ్చింది. ఊరేగింపు ముందు ఆమె ఆడుతూ నడిచిన నడకను ఆవేశంగా మాత్రమే వర్ణించే విమర్శ సగం దారి మాత్రమే చూసినట్టు.

శోభాయాత్రలో కళాకారుడు

2014లో తెలంగాణ ఏర్పడ్డాక బోనాలు రాష్ట్ర పండుగ అయింది. అంతకుముందే 2002 నుంచి ధూంధాం వేదికలు, ఆపై ఉద్యమకాలపు రాస్తారోకోలు డప్పును, బతుకమ్మను, బోనాన్ని రోడ్డు మీదికి తెచ్చాయి. అది కొత్త నడక. దానికి గమ్యం గుడి కాదు, రాష్ట్రం. ఆ నడకకు శ్రోత ఉన్నాడు, వాదం ఉంది, అడిగే అధికారం ఉంది. ఒకరకంగా పాత మిరాశి నడకలోని హక్కు ప్రకటన గుణం అందులో మళ్లీ కనిపిస్తుంది. రాష్ట్రం వచ్చాక శోభాయాత్ర ఆ వరుసను నిలుపుకుంది, అడగడాన్ని వదిలేసింది.

ఒగ్గుడోలు ఈ మార్పుకు మంచి నిదర్శనం. ఒగ్గుకథ నడిచే కళ కాదు. మల్లన్న కథ, బీరప్ప కథ రాత్రుల తరబడి ఒకచోట నిలిచి చెప్పేవి. చుక్క సత్తయ్య వంటి కళాకారుడు ప్రఖ్యాతుడైంది కథన బలం వల్లనే. ఊరేగింపుల గిరాకీ పెరిగాక కథ వెనక్కి పోయి, డోళ్ల జట్టు, గెంతులు, ఒకరి మీద ఒకరు నిలిచే విన్యాసాలు ముందుకొచ్చాయి. ఇందులో కళాకారుల నేర్పును, వారికి దొరికిన ఉపాధిని తక్కువ చేయడానికి లేదు. పరిశోధకుడు గమనించవలసినది వేరు. ఇవాళ నడుస్తున్న కళలన్నీ ఎప్పుడూ నడిచినవి కావు. కొన్ని నడిచే కళలు వేదిక ఎక్కి ఆగిపోతే, ఒక నిలుచున్న కళ కథను వదులుకుని నడక నేర్చింది. రెండింటినీ కలిపి సంచార వారసత్వం అంటే చరిత్ర తలకిందులవుతుంది.

ఇదంతా నగరీకరణ ఫలితమనడం సులభమైన సమాధానం. తిరుపతి గంగమ్మ జాతర ఆ సమాధానాన్ని ఒప్పుకోదు. తిరుపతి పల్లె కాదు, యాత్రికులతో నిండిన నగరం. అయినా ఏటా జాతర వారంలో కైకాల కుటుంబపు పురుషులు గంగమ్మ వేషాలు ధరించి వీథుల్లో, ఇళ్ల ముందుకు నడుస్తూనే ఉన్నారు. జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ప్రచురించిన గ్రంథంలో ఈ వేషాల సంచారాన్ని విస్తారంగా చర్చించారు. అక్కడ వేషం కట్టే మిరాశి ఒక కుటుంబానికి నిలిచి ఉంది, వేషం తమ గడపకు రావాలని ఎదురుచూసే ఇళ్లు ఉన్నాయి. కనుక భవనాలు పెరిగినా దారి తెగలేదు. హైదరాబాదు ఉత్తర శివారులో తెగినది కూడా నేల కన్నా ఎక్కువగా ఈ సంబంధమే కావచ్చు. వచ్చి స్థిరపడిన వారి ఇంటిపేరు తెలిసిన పిచ్చుకకుంట్లవాడు లేడు. గేటు దగ్గర ఆగిన బాలసంతుకు దీవెనలో చేర్చవలసిన పేరు చెప్పేవారు లేరు. మూడు తరాలుగా ఉన్న ఇళ్లలోనైనా ఆ పిలుపు నిలిచి ఉంటే, ఎన్ని అంతస్తులు వచ్చినా ఆ మేరకు దారి ఉన్నట్టే.

కౌకూర్ వంటి ఊరి వారసత్వాన్ని నమోదు చేయదలచిన వారు పాటల పుస్తకంతో పాటు మరో పత్రం సిద్ధం చేసుకోవలసి ఉంటుంది. ఊరేగింపు ఎక్కడ మొదలైంది, ఎన్నిచోట్ల ఆగింది, ఆగినచోట ఎవరు బయటికి వచ్చి సాక పోశారు, పూర్వం ఆగి ఇప్పుడు ఆగని చోటు ఏది, ఎందుకు, డప్పు కొట్టినవారికి ఇచ్చినది కూలియా కట్నమా, దాన్ని ఎవరి చేతితో ఇచ్చారు, ఊరేగింపు ఏ వాడ మొగదల నుంచి వెనక్కి తిరిగింది అన్నవి అందులో ఉండాలి. ఆశ్రిత కులాల వారు వస్తున్న ఊళ్లలో వారి వంతు గ్రామాల జాబితాను వారి నోటనే రాయించుకోవాలి. ఆ జాబితాలు కొన్ని కుటుంబాల్లో ఇంకా పెద్దల జ్ఞాపకంలో ఉన్నాయి. శామీర్‌పేటను 1951-52లో చదివిన బృందం వదిలిన వర్ణన మన దగ్గర ఉంది. దాని పక్కన పెట్టి చూడడానికి అదే గ్రామసీమ నుంచి, పొలి చల్లిన దారిని గీసిన ఒక పటమైనా తయారు కావాలి. కట్ట మైసమ్మ దగ్గరి నుంచే ఆ గీత మొదలుపెట్టవచ్చు.